మా ఇంటి తుపాకి

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదని సంపాదకవర్గంలోని విద్యార్థి మిత్రులు అడిగినప్పుడు, తెలుగు అధ్యాపకులము గనుక ప్రబంధ వర్ణనలను గూర్చియో, శతక వాఙ్మయాన్ని గూర్చియో నాలుగు పుటలు ఇస్తామని వారు ఊహించి ఉంటారు. గత రెండు సంచికలలో మేము చేసినదీ అదే. ఈసారి మనస్సు అటు పోలేదు. 2024 వేసవి మొదలు మమ్ము వెంటాడుతున్న వస్తువు ఒకటి ఉన్నది. అది పుస్తకం కాదు, తుపాకి. ఈ మాట వినగానే ఉర్దూ శాఖలోని మిత్రులొకరు "కలం పట్టే చేతులకు బందూకు ఎందుకండీ?" అని నవ్వారు. సరిగా ఆ ప్రశ్నకే మా ఇంటిలో ఆ వేసవి అంతా సమాధానం వెదుకుతూ గడిపామని వారికి అప్పుడు చెప్పలేదు.

మా స్వస్థలం రంపచోడవరం. మైదానం నుండి గోకవరం దాటి అడవిదారి పట్టిన తరువాత ఎదురయ్యే పెద్ద ఊరు. మేము బడికి పోయే రోజులలో అది తూర్పు గోదావరి జిల్లాలోనిది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. చుట్టూ కొండరెడ్ల పల్లెలు, కోయదొరల పల్లెలు, అక్కడక్కడ కొండ కమ్మరుల కొలుములు. సంత రోజున చింతపండు, అడ్డాకులు, చీపుళ్లు కొండ దిగి వచ్చేవి. ఉప్పు, కిరోసిను, బట్ట కొండ ఎక్కి పోయేవి. ఆ రాకపోకల నడుమ బ్రతుకు వెదుక్కొని వచ్చిన మైదానపు కుటుంబాలలో మాదొకటి.

మా తాతగారు, మేము దాదాజాన్ అని పిలిచేవారము, వెదురు కూపుల గుత్తేదారు ఒకరి వద్ద గుమాస్తా. నరికిన వెదురు లారీలకెక్కి రాజమండ్రి కాగితపు మిల్లుకు పోయేది. నేడు మనము పరీక్షలు వ్రాసే కాగితానికి అట్టి అడవులే తల్లులని విద్యార్థులకు ఎవరూ చెప్పరు. వారం వారం కూలీల బట్వాడా డబ్బు సంచిలో వేసుకొని, మైళ్ల కొలది నడిచి కూపులకు చేర్చవలసిన బాధ్యత దాదాజాన్‌ది. ఆ డబ్బు కొరకే, ఆత్మరక్షణార్థమని 1965లో ఆయనకు తుపాకి లైసెన్సు వచ్చినది. వేటగాడని ఆయనను ఎవరూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. ఒకటి రెండు మార్లు కూలీల పాకల మీదికి వచ్చిన అడవిపందులను బెదరగొట్టడానికి గాలిలోకి పేల్చినట్లు మాత్రం చెప్పేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఆ ముచ్చటా లేదు. ఆ తరువాత కూపు పనులు మానుకొన్నారు. తుపాకి మిగిలినది.

అది బెంగాలులోని ఈశాపూర్ రైఫిలు కర్మాగారంలో తయారైన పాయింటు 315 రైఫిలు. సైన్యము వాడే పాయింటు 303 గుండు పౌరుల చేతికి పోరాదని తెల్లదొరల ప్రభుత్వం కట్టడి చేసినందున, మన దేశంలో ఈ పాయింటు 315 రకం వాడుకలోకి వచ్చినది. గుండు మారినా యంత్రం మాత్రం సైనికుల లీ-ఎన్‌ఫీల్డుదే. లీ అన్నది దానిని కల్పించిన జేమ్స్ పారిస్ లీ పేరు. ఎన్‌ఫీల్డు ఇంగ్లండులోని కర్మాగారమున్న ఊరు. 1857లో మన సిపాయిలు కొవ్వు పూసిన తూటాలను నోట కొరకము పొమ్మన్నది కూడ అదే ఊరి పేరు పెట్టుకొన్న పాత తుపాకి విషయంలోనే. ఆ కథకు మొదటి అగ్గి రాజుకొన్న బారక్‌పూర్‌కు ఈశాపూర్ పొరుగూరు. ఇంత చరిత్ర మోస్తున్న వస్తువు మా ఇంట బీరువా వెనుక, పాత దుప్పటిలో చుట్టుకొని నిలబడి ఉండేది.

దాదాజాన్ ఆచారం ఒకటి ఉండేది. తుపాకి ఒకచోట, బోల్టు మరొకచోట. రైఫిలుకు ప్రాణం బోల్టులో ఉన్నది. కుడివైపు పిడిని ఎత్తి వెనుకకు లాగితే కాల్చిన గుల్ల బయటపడుతుంది. ముందుకు తోసి దించితే కొత్త తూటా గొట్టంలోకి పోతుంది, లోపలి సూది కాల్పుకు బిగిసి నిలుస్తుంది. ఆ బోల్టును ఊడదీస్తే మిగిలేది ఒక ఇనుప గొట్టమూ, కొయ్య మడమానూ. దాదాజాన్ దానిని నూనె గుడ్డలో చుట్టి బియ్యపు డబ్బా అడుగున దాచేవారు. తూటాలు మూడవచోట, తాళము వేసిన ట్రంకు పెట్టెలో. మా దాదీ ఈ బియ్యపు డబ్బా ఏర్పాటును జీవితాంతం తిట్టిపోసినది. నూనె వాసన అన్నానికి పడుతున్నదని ఆమె ఫిర్యాదు. మేమూ, మా పినతండ్రి పిల్లలమూ కలిసి "దొంగ వస్తే దాదాజాన్ ముందు బియ్యం చాటలో పోసుకొని వెదుక్కోవాలి" అని నవ్వుకొనేవారము. ఒకసారి ఆ నవ్వు ఆయన చెవిని పడినది. కోపగించలేదు. "బందూక్ పో భరోసా నక్కో రే, అప్నే హాథ్ పో రఖ్" అన్నారు. తుపాకిని నమ్మకురా, నీ చేతిని నమ్ముకో అని. తుపాకికి సేఫ్టీ మీట ఉన్నది గదా అని మేమన్నాము. "ఉన్నది, అదీ ఇనుమే" అన్నారు.

ఇక్కడ కొంచెము ప్రక్కకు పోవడానికి పాఠకులు అనుమతించాలి. రంపచోడవరంలో పుట్టి తుపాకి మాట ఎత్తినవాడు సీతారామరాజు మాట ఎత్తక మానడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి, వరుసగా మూడు రోజులలో మూడు చోట్ల తుపాకులు, తూటాలు పట్టుకొనిపోయిన ఘనకార్యం అందరికీ తెలిసినదే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలిద్దరు ఆయన దళం చేతిలో పడిపోయారు. కాని అక్టోబరులో ఆయన అడ్డతీగల మీదికి, ఆ పిమ్మట మా రంపచోడవరం మీదికి వచ్చేసరికి ఠాణాలలో ఆయుధాలు దొరకలేదు. పోలీసులు వాటిని ముందే తప్పించారు. ఈ కథ చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఊరి పెద్దలు రాజుగారికి జనం పట్టిన నీరాజనాన్ని గూర్చి చెప్పేవారు. దాదాజాన్ మాత్రం ఆయుధాలు తప్పించిన ముచ్చట దగ్గర ఆగేవారు. "చూశావా బేటా, అందరాని చోట పెట్టిన తుపాకి ఒక్కటే ఎవరినీ చంపలేదు" అనేవారు. సీతారామరాజును అభిమానించే ఊరిలో ఠాణావారి పక్షాన ఈ మాట అనడానికి ఆయన ఒక్కరికే చెల్లినది. 1879లో మొదలైన రంప పితూరీకి ఏడాది ముందే, 1878లో, లిట్టన్ ప్రభువు కాలంలో మన జనం చేతి ఆయుధాలకు లైసెన్సుల సంకెళ్లు వేస్తూ చట్టం చేశారన్న సంగతి మేము కళాశాలలో చదువుకొని వచ్చి ఆయనకు ఆవేశంగా వినిపించినప్పుడు, ఓపికగా విని, "లైసెన్సు ఉన్నవానికి భయమూ ఉండాలి, లేకుంటే ఆ కాగితం ఎందుకు" అన్నారు. మేము గెలవలేదు.

2009లో దాదాజాన్ గతించారు. వారసునిగా లైసెన్సు అబ్బాజాన్ పేరిట మారినది. అబ్బాజాన్ ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించారు. కొండ పల్లెల పిల్లలకు ఎక్కాలు నేర్పి, వారిలో కొందరిని ఉద్యోగాలలో చూసుకొన్న మనిషి. ఆయనకు లెక్క అంటే లెక్కే. దాదాజాన్ ఏర్పాటు ఆయన దృష్టిలో ముసలితనపు చాదస్తం. "యంత్రానికి సేఫ్టీ పెట్టినవాడు మనకంటె తెలివైనవాడు. వాడిని నమ్మకపోతే ఎట్లా?" అనేవారు. బియ్యపు డబ్బా నుండి బోల్టు తీసి, తుపాకికి తొడిగి, అట్లే ఉంచడం మొదలుపెట్టారు. ఈ మార్పుకు మేము మనసులో సంతోషించినాము. చదువుకొన్నవారి ఇల్లు ఇట్లే ఉండాలి గదా అని.

ఎన్నికలు ప్రకటించినప్పుడెల్లా లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించి, అంతా ముగిసిన తరువాత తెచ్చుకోవడం పరిపాటి. 2019 ఎన్నికల తరువాత తెచ్చుకొన్న తుపాకిని అబ్బాజాన్ వానలు మొదలు కాకముందే శుభ్రం చేయాలనుకొన్నారు. ప్రతి ఏటా చేసే పనే. ఆ ఏడు మాత్రం ఎన్నడూ ముట్టని సేఫ్టీ మీటను కూడ మరలు విప్పి, కిరోసినులో కడిగి, ఆరబెట్టి, తిరిగి బిగించారు. ఆ సంగతి మాకు చాలకాలం తెలియదు.

ఇప్పుడు 2024. ఆ సంవత్సరం మే 13న మన రాష్ట్రంలో ఓట్లు పడినవి. జూన్ నెలలో బక్రీదు పండుగకు మేము సకుటుంబంగా ఊరు చేరేసరికి తుపాకి మళ్లీ ఠాణా నుండి ఇంటికి వచ్చి ఉన్నది. అబ్బాజాన్‌కు అప్పటికి డెబ్బది నిండినవి. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం, లైసెన్సుదారునికి డెబ్బది ఏండ్లు నిండినా, తుపాకి ఇరువది అయిదేండ్లు అతని వద్ద ఉన్నా, దానిని వారసుని పేర మార్చమని కోరవచ్చును. దరఖాస్తు కాగితం అబ్బాజాన్ అప్పటికే తెప్పించి ఉంచారు. సంతకం మాది కావలసి ఉన్నది. మూడు తరాల గౌరవం అన్నారు. కాదనే ధైర్యం మాకు లేదు. ఔననే కోరికా లేదు.

పండుగ మరునాడు సాయంకాలం వరండాలో చాప పరచి, కొత్త యజమానికి తుపాకిని పరిచయం చేయడానికి ఆయన కూర్చున్నారు. తూటా లేదని ఇద్దరమూ చూసినాము. గొట్టంలో వేలు పెట్టి కూడ చూసినాము. ఆరేండ్ల మా కుమార్తెను లోపలికి పంపినాము. బోల్టు తోసి సూది బిగించారు. ఎడమవైపు, బొటనవేలికి అందేటట్లున్న చిన్న మీటను వెనుకకు త్రిప్పారు. "ఇది సేఫ్టీ. చూడు" అని ట్రిగ్గరు లాగారు. ఏమీ కాలేదు. మళ్లీ లాగారు. నిశ్శబ్దం. పాఠం చెప్పిన మాస్టారి తృప్తి ఆయన ముఖాన కనిపించినది. "ఇదిగో, ఇప్పుడు నువ్వు" అని తుపాకి మా చేతికిచ్చారు.

మేము ట్రిగ్గరు జోలికి పోలేదు. బోల్టు తెరిచి మరొకమారు లోపల చూద్దామనుకొన్నాము. సేఫ్టీ వేసి ఉంటే ఆ తుపాకి బోల్టు తెరుచుకోదు. మీటను ముందుకు తోయక తప్పదు. తోసినాము. మా వేళ్లు ట్రిగ్గరుకు జానెడు దూరాన ఉన్నవి.

టక్.

సూది పడినది.

ఆ చప్పుడు చిన్నది. లోపల గిన్నె జారినా అంతకంటె ఎక్కువ వినబడుతుంది. అయినా ఇద్దరమూ కొంతసేపు మాటలాడలేదు. గొట్టం మూతి ఎటు ఉన్నదో చూసుకొన్నాము. వంటింటి గోడ వైపు ఉన్నది. ఆ గోడకు అవతల అమ్మీజాన్ సేమియా కలుపుతున్న గరిటె చప్పుడు వినబడుతున్నది.

"నువ్వే లాగి ఉంటావు" అన్నారు అబ్బాజాన్. లేదన్నాము. ఆయన తుపాకి తీసుకొని తానే చేసి చూశారు. మీట వెనుకకు, ట్రిగ్గరు లాగి వదలడం, నిశ్శబ్దం, మీట ముందుకు, టక్. మరల చేశారు. అయిదు మార్లలో నాలుగు మార్లు పడినది. ఒకమారు పడలేదు. ఆ ఒక్కమారును పట్టుకొని ఆయన "నూనె చిక్కబడినది, అంతే" అని లేచిపోయారు. లెక్కల మాస్టారు అయిదింట ఒకటిని నమ్ముకొనడం మేము అదే మొదటిసారి చూసినాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఉదయం స్క్రూడ్రైవరు చేతబట్టి మేమే ఆ మీట సంగతి తేలుద్దామని కూర్చున్నామంటే చదివేవారు నవ్వవచ్చును. తెలుగు ఎం.ఏ. చదువుకు తుపాకి మర విప్పే అధికారం లేదని చెప్పినవాడు మా వీధి చివర కొలిమి నడిపే వృద్ధుడు. కొండ కమ్మరి. దాదాజాన్ కాలం నుండి మా ఇంటి కత్తులు, గొడ్డళ్లు సానబెట్టినవాడు. అబ్బాజాన్ కంటె నాలుగైదేండ్లు పెద్ద. దారిన పోతూ చూసి ఆగి, "ఏంటి బాబూ అది?" అన్నాడు. జరిగినది చెప్పినాము. వరండా మెట్టు మీద కూర్చున్నాడు గాని తుపాకిని ముట్టలేదు.

"మీరే ఒకమారు చేసి చూపండి, నేను వింటాను" అన్నాడు. చేసి చూపించినాము. చెవి ఒగ్గి విన్నాడు. మీటను వెనుకకు త్రిప్పినప్పుడు తల అడ్డంగా ఆడించాడు. "అది చివరంటా పోవడం లేదు. చివరికి పోతే ఒక సద్దు అవుద్ది, మీ తాతగారు తిప్పినప్పుడు నేనెరుగుదును. ఇది నడిమిలోనే దేనికో తగిలి ఆగిపోతంది. ఎవరన్నా ఇప్పారా దీన్ని?" అన్నాడు. విప్పలేదని మేము ఘంటాపథంగా చెప్పినాము. మాకు తెలిసినది అంతే. లోపలి గదిలో పత్రిక తిరగవేస్తున్న చప్పుడు ఆగినది.

"నువ్వు సరిచేయగలవా తాతా?" అన్నాము.

"చేయగలను. చేయను. ఇది కాగితం ఉన్న తుపాకి. దీన్ని ముట్టుకోడానికి కూడా కాగితం ఉన్నోడే కావాల. మీరూ ఆ పుల్ల పక్కన పెట్టండి" అని లేచి పోయాడు. అతడు చెప్పినది అక్షరాలా చట్టమే. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకి తయారుచేసేవానికి, అమ్మేవానికే కాక మరమ్మతు చేసేవానికి కూడ లైసెన్సు ఉండి తీరాలంటున్నది. చదువురాని కొలిమికాడు చట్టం చెప్పి పోయాడు. చదువుకొన్న మేము స్క్రూడ్రైవరు దాచుకొన్నాము.

రెండు రోజుల తరువాత, లైసెన్సు పుస్తకం వెంటబెట్టుకొని, బోల్టు ఊడదీసి వేరే సంచిలో వేసి, మేమూ అబ్బాజానూ మైదానపు పట్టణానికి ప్రయాణమైనాము. అక్కడ తరతరాలుగా లైసెన్సుతో తుపాకుల అంగడి నడుపుతున్న మేస్త్రీ ఒకరున్నారు. సన్నని మనిషి, మందపాటి కళ్లద్దాలు. మా మాట పూర్తిగా వినకుండానే తుపాకి అందుకొని, ఖాళీ అని చూసుకొని, ఆ పరీక్షే చేశారు. మీట వెనుకకు, ట్రిగ్గరు లాగి వదలడం, మీట ముందుకు. టక్. ఆశ్చర్యపడలేదు. "చాలామంది సగం పరీక్షే చేస్తారు సార్. సేఫ్టీ వేసి ట్రిగ్గరు లాగుతారు, పేలలేదు కాబట్టి బాగుందనుకుంటారు. మిగతా సగం సేఫ్టీ తీసినప్పుడు ఉంది" అన్నారు.

తరువాత మీటను విప్పి బల్ల మీద గుడ్డపై పరిచి చూపించారు. ఆయన చెప్పినది మాకు అర్థమైన మేరకు వ్రాస్తున్నాము. మీటకు ఒక ఇరుసు ఉన్నది. ఇరుసు చివర అర్ధచంద్రాకారంగా చెక్కి ఉంటుంది. మీట పూర్తిగా వెనుకకు తిరిగినప్పుడు ఆ అర్ధచంద్రం, సూది వెనుక బిగించిన ముక్కలోని గాడిలో దూరి, ఆ ముక్కను వెంట్రుకవాసి వెనుకకు ఎత్తిపట్టుకొంటుంది. అప్పుడు ట్రిగ్గరు ఎంత లాగినా, వేలు తీయగానే లోపలి కొక్కెం తిరిగి తన చోటికి వచ్చి ముక్కకు అడ్డుగా నిలబడుతుంది. అదే ఇరుసు మీద మరల చుట్లలో మరొక చిన్న ముక్క ఎక్కి ఉంటుంది. మీట తిరిగితే అది ప్రక్కకు జరిగి బోల్టు తెరుచుకొనకుండా బంధిస్తుంది. చిక్కంతా ఆ చుట్లలో ఉన్నది. మామూలు మరకు మొదలు ఒక్కటే. దీనికి మొదళ్లు అనేకం. "వెడల్పు మూతి సీసా మూత చూడండి, ఎటు పెట్టినా ఎక్కుతుంది. ఇదీ అంతే. కానీ సరైన మొదలు ఒక్కటే" అన్నారు మేస్త్రీ.

మా తుపాకిలో చిన్న ముక్క తప్పు మొదలు పట్టుకొని ఎక్కినది. అందుచేత అది తన గాడిలోకి వేళకు ముందే చేరి, మీటను చివరంటా తిరగనీయక ఆపుతున్నది. కొలిమి తాత చెవికి పట్టుబడినది అదే. మీట చివరికి పోనందువలన అర్ధచంద్రం సగమే దూరుతున్నది. పడిపోకుండ ఆపుతుంది గాని ముక్కను వెనుకకు ఎత్తదు. అట్టి స్థితిలో ట్రిగ్గరు లాగితే కొక్కెం జారుతుంది, ముక్క వెంట్రుకవాసి ముందుకు వచ్చి అర్ధచంద్రం మీద ఆనుతుంది. వేలు తీసినా కొక్కెం ఇక తన చోటికి రాలేదు. బయటికి అంతా ప్రశాంతం. తరువాత, అది ఒక గడియ తరువాత కావచ్చు, ఒక రాత్రి తరువాత కావచ్చు, ఎవరో మీటను ముందుకు తోస్తారు. ఆపుతున్నది అదొక్కటే గనుక, అది తొలగగానే సూది పడుతుంది. కర్మాగారం తప్పు ఏమీ లేదనీ, వస్తువు శుభ్రమైనదనీ, ఎవరో విప్పి బిగించినప్పుడు వచ్చిన పొరపాటనీ మేస్త్రీ చెప్పారు. ఎవరు విప్పారని ఆయన అడగలేదు. వృత్తి మర్యాద కాబోలు.

అబ్బాజాన్ బల్లమీది ముక్కలనే చూస్తున్నారు. "2019 జూన్. నేనే" అన్నారు. మేస్త్రీతో అన్నారో, మాతో అన్నారో తెలియదు.

మేము అంతటితో ముగిసినదనుకొన్నాము. ఆయన లెక్క అప్పుడే మొదలైనది. టీ తెప్పించిన మేస్త్రీ మాట మరచి, వ్రేళ్లు మడుస్తూ మాకు చెప్పుకొని వచ్చారు. 2021లో, కరోనా రెండవమారు వచ్చి కళాశాలలు మూతబడిన నెలలలో, మా భార్యనూ, అప్పటికి మూడేండ్లదైన పాపనూ రంపచోడవరంలో ఉంచి మేము ఉద్యోగస్థలంలో ఉండిపోయినాము. ఊరిలో దొంగల భయమని వదంతి. అబ్బాజాన్ రాత్రులలో తుపాకిలో తూటా ఎక్కించి, సేఫ్టీ వేసి, మంచం ప్రక్కన గోడకు ఆనించి పడుకొనేవారట. తెల్లవారగానే తూటా తీసివేసేవారు. తూటా తీయాలంటే బోల్టు తెరవాలి. బోల్టు తెరవాలంటే సేఫ్టీ మీట ముందుకు తోయాలి. ఎన్ని ఉదయాలు? "నలభై దాకా" అన్నారు. పాప ఆ మంచం చుట్టూ ఆడుకొనేది. రాత్రి ఎప్పుడైనా దాని చిన్న వ్రేలు ట్రిగ్గరుకు తగిలి ఉంటే, తగిలినట్లు ఎవరికీ తెలిసేది కాదు. చప్పుడు రాదు గదా. ఉదయం ఆయన చేతులారా మీట ముందుకు తోసేవారు. తుపాకి మూతి ఎటు ఉండేది? ఆయన ఆ ప్రశ్న తనకు తాను వేసుకొని, మా ముఖం చూసి, సమాధానం చెప్పలేదు. వంటింటి గోడ ఒక్కటే గదా ఆ గదికి.

ఆ నలువది ఉదయాలను గూర్చి మేము కూడ ఆయనతో ఇంతవరకు మాటలాడలేదు. ఆయనను నిందించే హక్కు మాకు లేదు. బియ్యపు డబ్బా ఆచారం పోయినప్పుడు సంతోషించినవారిలో మేమూ ఉన్నాము. కాని ఇంటికి పోయిన తరువాత మా భార్యకు ఈ సంగతి చెప్పవలెనా, వద్దా అని రెండు రోజులు తర్కించుకొని చివరకు చెప్పినాము. ఆమె పాపను దగ్గరకు తీసుకొని, తుపాకి ఈ ఇంటిలోకి మరల వస్తే నేను రాను అన్నది. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు.

మేస్త్రీ ముక్కను సరియైన మొదలుకు పట్టించి ఎక్కించారు. అరిగిన అంచును భూతద్దం పెట్టి చూసి, పరవాలేదన్నారు. మీట ఈసారి చివరంటా పోయినది; కొలిమి తాత చెప్పిన సద్దు మేమూ విన్నాము. తాళపుచెవి తిరిగినట్లు, పొడిగా. మేస్త్రీ పది మార్లు పూర్తి పరీక్ష చేశారు. తరువాత అబ్బాజాన్ అడిగి తీసుకొని తాను ఇరువది మార్లు చేశారు. ఒక్కమారూ పడలేదు. బాగుపడిన తుపాకిని ఎంతో జాగ్రత్తగా బల్లమీద పెట్టి, సంచిలోనుండి మా పేర నింపి ఉంచిన దరఖాస్తు తీశారు.

మేము సంతకం పెట్టలేమని చెప్పడానికి దారి పొడవునా మాటలు కూర్చుకొని ఉన్నాము. మూడు తరాల గౌరవం, దాదాజాన్ జ్ఞాపకం, వీటన్నిటికి ఎదురు చెప్పగల సమాసాలు కూడ సిద్ధం చేసుకొన్నాము. వాటిలో ఒక్కదానికీ పని పడలేదు. అబ్బాజాన్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, "దీన్ని మీ దగ్గర ఉంచుకొనే పద్ధతి ఏమిటి?" అని మేస్త్రీని అడిగారు. వద్దనుకొన్న ఆయుధాన్ని ఠాణాలో గాని, లైసెన్సుగల వ్యాపారి వద్ద గాని అప్పగించవచ్చును. లైసెన్సు ఉన్న మరొకరు వస్తే, అధికారుల అనుమతితో అమ్మవచ్చును. రసీదు వ్రాసి ఇచ్చారు. తయారీ సంఖ్య, గుండు కొలత, "బోల్టుతో సహా" అని. ఆ మూడవ మాటను అబ్బాజాన్ రెండుమార్లు చదువుకొన్నారు.

తిరుగు ప్రయాణంలో గోకవరం వద్ద బస్సు ఆగినప్పుడు మాకు వేరుసెనగకాయలు కొనిపెట్టారు. చిన్నతనంలో దాదాజాన్ కొనిపెట్టినట్లే, కాగితపు పొట్లంలో. దాదాజాన్ పేరు ఎవరమూ ఎత్తలేదు. ఇల్లు చేరిన తరువాత ఆ రాత్రి ఠాణావారికీ, కలెక్టరు కచేరీకీ తెలుపవలసిన అర్జీలు మా చేత వ్రాయించి, తెలుగులో దస్కతు చేశారు.

తుపాకి ఇంకా ఆ అంగడిలోనే ఉన్నది. బేరం కుదరలేదు. మొన్న పని మీద ఆ పట్టణానికి పోయినప్పుడు మేస్త్రీని పలుకరించినాము. "మీ నాన్నగారు నెలనెలా ఫోన్ చేస్తుంటారు సార్" అన్నారు. ఎవరైనా కొంటారా అని అడుగుతున్నారా అన్నాము. అది అడగరట. "బోల్టు వేరుగానే పెట్టారా అని అడుగుతారు. పెట్టానంటే, సరే అని ఫోన్ పెట్టేస్తారు."